హైస్కూల్లో ఆడపిల్లల రగ్బీ జట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జెడ్పీ హైస్కూళ్లు, కస్తూర్బాలు, మోడల్ స్కూళ్లలో ఆడపిల్లల రగ్బీ జట్టు పెట్టాలనుకునే పీఈటీలు, హెచ్‌ఎంలు, తల్లిదండ్రుల కోసం ఈ పేజీ. పిల్లలు అడిగే ప్రశ్నలూ ఇందులో ఉన్నాయి. వరసగా చదవక్కర్లేదు. కానీ ట్యాకిల్ (బంతి ఉన్న మనిషిని పట్టి కింద పడేయడం) గురించి, తలదెబ్బ గురించి ఉన్న జవాబులు మాత్రం చదవకుండా బంతి కొనకండి.

రగ్బీ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆటేనా?

కాదు. అది అమెరికన్ ఫుట్‌బాల్. రగ్బీలో హెల్మెట్లు, భుజాలకు ప్లాస్టిక్ కవచాలు ఉండవు. ఇందులో కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తి, అవతలి జట్టు గోల్ లైను దాటాక నేలకు ఆనించాలి. అలా ఆనిస్తే ‘ట్రై’ అంటారు.

పదిహేను మంది కావాలంటారు. మా దగ్గర అంతమంది లేరు కదా?

స్కూళ్లకు సరిపోయేది సెవెన్స్. జట్టుకు ఏడుగురు ఆడతారు, ఐదుగురు సబ్‌స్టిట్యూట్లు. ఏడు నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. ఒక్క పీరియడ్‌లో మ్యాచ్ అయిపోతుంది. 2016 రియో ఒలింపిక్స్ నుంచి ఆడుతున్నది ఈ పద్ధతే. ఆడవాళ్ల విభాగంలో అక్కడ ఆస్ట్రేలియా గెలిచింది. ఆ తర్వాత టోక్యోలో, పారిస్‌లో న్యూజిలాండ్ గెలిచింది. పన్నెండు మంది దొరికితే జట్టు ఉన్నట్టే. ఇరవై మంది దాకా ఉంటే ప్రాక్టీసులో రెండు జట్లు చేసుకోవచ్చు.

కబడ్డీ, ఖోఖో ఉండగా కొత్తగా రగ్బీ ఎందుకు?

కబడ్డీ మానేసి రగ్బీ ఆడమని ఎవరూ అనడం లేదు. మన జిల్లాల్లో కబడ్డీ ఆడే ఆడపిల్లలు ఉన్నారు కాబట్టే రగ్బీ ఇక్కడ త్వరగా పట్టుబడుతుంది. ఒకరిని పట్టి కింద పడేయడానికి భయపడని పిల్లలు దొరకడమే వేరే చోట కష్టం.

ఆడపిల్లలకు ఈ ఆటలేంటి అనే మాట మన దగ్గర ఇంతకుముందు కూడా వినిపించింది. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఆడపిల్ల వెయిట్‌లిఫ్టింగ్‌కి వెళ్తుందంటే ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. రగ్బీ కూడా అలా మామూలైపోవాలి.

పక్కనే ఉన్న ఒడిశాను చూడండి. ఇచ్ఛాపురం దాటితే వాళ్ల రాష్ట్రమే. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో గిరిజన పిల్లలు చదువుకుంటూ రగ్బీ ఆడి దేశం జట్టుకు వెళ్తున్నారు. 2019 జూన్‌లో మనీలాలో మన ఆడవాళ్ల జట్టు సింగపూర్‌ను 21–19తో ఓడించింది. పదిహేను మంది ఆడే రగ్బీలో అంతర్జాతీయంగా అదే మన అమ్మాయిల మొదటి గెలుపు. చివర్లో పెనాల్టీ కొట్టి మ్యాచ్ గెలిపించిన సుమిత్రా నాయక్ భువనేశ్వర్‌లోని ఆ సంస్థలో చదువుకున్న అమ్మాయే. 2021లో తాష్కెంట్‌లో జరిగిన ఆసియా అండర్ 18 సెవెన్స్‌లో మన ఆడపిల్లలు రజతం తెచ్చారు. పలాస నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఊళ్లో ఇదంతా జరుగుతుంటే మన పిల్లలకు ఆ బంతి ఎలా ఉంటుందో కూడా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రూల్స్ చాలా కష్టమట కదా?

మొదటి రోజు మూడు చెబితే చాలు. బంతి పట్టుకుని ముందుకు పరిగెత్తొచ్చు. చేత్తో ఇచ్చే పాస్ మాత్రం పక్కకో వెనక్కో వెళ్లాలి, ముందుకు వెళ్లకూడదు. బంతి ఉన్న మనిషిని తప్ప ఎవరినీ పట్టుకోకూడదు. ఈ మూడింటితో పిల్లలు ఆట మొదలెట్టేస్తారు.

పాయింట్లు ఇలా: ట్రైకి 5, దాని తర్వాత బంతిని గోల్ పోస్టుల మధ్యగా తన్నే కన్వర్షన్‌కి 2, అవతలి జట్టు తప్పు చేసినప్పుడు అలాగే తన్నే పెనాల్టీ కిక్‌కి 3, ఆట మధ్యలో బంతిని నేలకు వదిలి, లేచేటప్పుడు తన్నే డ్రాప్ గోల్‌కి 3. సెవెన్స్‌లో కన్వర్షన్‌ను కూడా బంతి నేలకు తగిలి లేచేటప్పుడే తన్నాలి. చిన్న తప్పు జరిగాక రెండు జట్ల వాళ్లు వంగి, ఒకరినొకరు పట్టుకుని, మధ్యలో వేసిన బంతి కోసం నెట్టుకోవడాన్ని స్క్రమ్ అంటారు. సెవెన్స్‌లో ఒక్కో జట్టు నుంచి ముగ్గురే ఉంటారు. మొదటి ఏడాది స్క్రమ్‌లో నెట్టుకోవడం వద్దు. ఊరికే పట్టుకుని నిలబడి, బంతి వేసిన జట్టే తీసుకునేలా ఆడించండి. మెడకు సంబంధించిన విషయం ఇది. నేర్పిన మనిషి లేకుండా నెట్టించకూడదు.

“మా గుంటకి కాలో సెయ్యో ఇరిగితే రేపు పెళ్లెవరు సేసుకుంతారు మాస్టారూ?” అని తల్లులు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. దాని వెనక ఉన్నది నిజమైన భయం. కూలికి వెళ్లే ఇంట్లో పిల్ల చెయ్యి విరిగితే తల్లికి పని పోతుంది, ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది, చుట్టాల చేత మాటలు పడాలి. “ఏమీ కాదమ్మా” అని అబద్ధం చెప్పకండి. రగ్బీలో దెబ్బలు తగులుతాయి. గీసుకుపోవడం, బెణకడం మామూలు. ఎముక విరగడం అరుదే అయినా, జరగొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, అలా కాకుండా మీరేం చేస్తున్నారో చూపించండి.

చూపించడం అంటే పిలిచి చూపించడమే. ఒక సాయంత్రం తల్లుల్ని గ్రౌండుకి రమ్మనండి. పిల్లలు ఎలా పడాలో నేర్చుకోవడం వాళ్ల కళ్లతో చూడనివ్వండి. మీటింగులో గంట మాట్లాడినా రాని నమ్మకం అక్కడ పది నిమిషాల్లో వస్తుంది. నాన్నల కంటే ముందు అమ్మలు, అమ్మమ్మలు, పెద్దమ్మలు ఒప్పుకోవాలి. మా దగ్గర కుదిరిన పద్ధతి ఇదే. ఏ తల్లి అయినా కాదంటే ఆ పిల్లను టచ్ రగ్బీ (పడేయకుండా చేతులతో తాకే ఆట) వరకే ఆడనివ్వండి. బలవంతం వద్దు. తోటి పిల్లల చేత ఒత్తిడి పెట్టించడం అంతకన్నా వద్దు.

అనుమతి పత్రం తెలుగులో రాయండి. అందులో ‘శరీరాలు తగిలే ఆట’ అన్న మాట స్పష్టంగా ఉండాలి. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోండి.

ట్యాకిల్ ఎప్పుడు నేర్పాలి? ఎలా?

ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటారంటే ఇదే గుర్తుంచుకోండి: తొందరపడొద్దు. జూన్‌లో బడి తెరిచాక మొదటి రెండు నెలలు ట్యాకిల్ అన్న మాటే ఎత్తకండి. టచ్ రగ్బీ ఆడించండి. రెండు చేతులతో నడుం మీద తాకితే ఆగి బంతి పాస్ చేయాలి. లేదంటే పాత చున్నీని పట్టీలుగా చింపి నడుముకి రెండు వైపులా దోపండి, పట్టీ లాగితే ట్యాకిల్ అయినట్టు. పరుగు, పాస్, ఖాళీ చూసుకోవడం అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. ఆటలో సగం ఇదే.

తర్వాత పట్టుకోవడం కాదు, పడడం నేర్పాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. చెయ్యి చాపి నేలకు ఆనించి పడితే మణికట్టో, భుజం ముందరి ఎముకో విరుగుతుంది. బంతిని గుండెకు హత్తుకోవాలి, గడ్డం ఛాతీకి ఆనాలి, ముందు మోకాలు, తర్వాత తుంటి, తర్వాత భుజం నేలకు తాకాలి. మోకాళ్ల మీద కూర్చుని పక్కకు ఒరగడంతో మొదలుపెట్టండి. తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. ఒక్కో పిల్ల పడేటప్పుడు ఆమె మెడనే చూడండి. తల నేలకు తగిలేలా వెనక్కి వాలుతోందంటే ఆ పిల్ల ఇంకా ట్యాకిల్‌కి సిద్ధం కాలేదు.

దసరా సెలవుల తర్వాత ట్యాకిల్ మొదలుపెట్టొచ్చు. మొదట ఇద్దరూ మోకాళ్ల మీదే ఉండాలి. తర్వాత పట్టుకునే పిల్ల మోకాళ్ల మీద, బంతి పట్టుకున్న పిల్ల నడుస్తూ రావాలి. ఆ తర్వాత ఇద్దరూ నడుస్తూ, చివరికి పరుగుతో. భుజం అవతలి పిల్ల తొడకో నడుముకో తగలాలి, రెండు చేతులూ చుట్టుకోవాలి, కళ్లు తెరిచే ఉండాలి. పట్టుకునే పిల్ల తల ఆమె శరీరానికి వెనక వైపు ఉండాలి, ఎప్పుడూ ముందు అడ్డంగా పెట్టకూడదు. తల ముందుకు పోతే ఆమె మోకాలు నేరుగా కణతకు తగులుతుంది. ఆట నియమాల ప్రకారం భుజాల గీత కంటే పైన పట్టుకోవడం తప్పు. మీ స్కూల్లో మాత్రం ‘నడుము కంటే పైకి వద్దు’ అని పెట్టుకోండి. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దడం, ఎత్తి పడేయడం, గాల్లో ఉన్న పిల్లను పట్టుకోవడం కూడా తప్పే.

కబడ్డీ నుంచి వచ్చిన పిల్లలతో ఒక ప్రత్యేక జాగ్రత్త. వాళ్లకు పట్టు బాగా తెలుసు. కానీ చీలమండ పట్టడానికి తల ముందు పెట్టి దూకే అలవాటు ఉంటుంది. అది మాన్పించాలి. రెండోది, కబడ్డీలో పట్టిన పట్టు వదలకూడదు. రగ్బీలో మనిషి కింద పడగానే వెంటనే వదిలేసి పక్కకు జరగాలి, లేకపోతే పెనాల్టీ. ఈ ‘వదిలెయ్’ అన్నది అలవాటు కావడానికి వాళ్లకు చాలా కాలం పడుతుంది. ప్రతి ట్యాకిల్ తర్వాత ఆ మాట బయటికి గట్టిగా అనమనండి. కొన్నాళ్లకు చేతులు వాటంతటవే వదులుతాయి.

ఒకరి మీద ఒకరు ప్రాక్టీసు చేసే ముందు గోనె సంచిలో కొబ్బరి పీచు కూరి, మూతి కుట్టేసి వాడండి. ఉద్దానం వైపు పీచుకు కరువు లేదు. మిగతా చోట్ల ఎండుగడ్డి అయినా సరే. ఇసుక మాత్రం నింపకండి, రాయిలా అయిపోతుంది.

తలకు దెబ్బ తగిలితే?

ఆ పిల్ల ఆ రోజుకి ఇక ఆడదు. “బాగానే ఉన్నాను సార్” అన్నా, ఫైనల్ మ్యాచ్ అయినా ఆడదు.

స్పృహ తప్పితేనే కంకషన్ (తలదెబ్బకు మెదడు అదిరి దాని పని దెబ్బతినడం) అనుకోవడం పొరపాటు. తల తిరగడం, వాంతి, కళ్లు మసకబారడం, వెలుగు చూడలేకపోవడం, స్కోరెంతో చెప్పలేకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, ఊరికే ఏడుపు రావడం, వీటిలో ఒక్కటి కనిపించినా అనుమానించాలి. ఇంటికి ఒంటరిగా పంపకండి. తల్లికి ఫోన్ చేసి రప్పించి, రాత్రి ఏం గమనించాలో చెప్పి అప్పగించండి. డాక్టర్‌కి చూపించాలి. మళ్లీ మ్యాచ్ ఆడాలంటే కనీసం 21 రోజులు ఆగాలి, లక్షణాలన్నీ పోయి ఉండాలి, మధ్యలో మెట్టుమెట్టుగా నడక, పరుగు, పాస్, చివర్లో ట్యాకిల్ దాకా రావాలి. లక్షణాలు తగ్గేదాకా చదువులో కూడా కొంచెం వెసులుబాటు ఇవ్వమని క్లాస్ టీచర్‌కి చెప్పండి.

మెడ నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరి, పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి. మెడ మీద అనుమానం ఉంటే పిల్లను లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు పట్టకండి. అంబులెన్స్ వచ్చేదాకా తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని అక్కడే ఉండండి. మన వాళ్లకు పడిపోయిన మనిషిని వెంటనే లేపి కూర్చోబెట్టడం అలవాటు. చూడ్డానికి వచ్చిన వాళ్లను దూరంగా ఉంచే పని ఒక పెద్ద మనిషికి ముందే అప్పగించండి.

మా పీఈటీ మగ మాస్టారు. ఆయన నేర్పొచ్చా?

నేర్పొచ్చు, కొన్ని కట్టుబాట్లు పెట్టుకుని. ప్రాక్టీసు జరిగినంత సేపూ ఒక మహిళా టీచర్ గ్రౌండులో ఉండాలి. ఊరికే సంతకానికి కాదు, కళ్ల ముందు ఉండాలి. ట్యాకిల్ చూపించడానికి ఆయన పిల్లల్ని పట్టుకోకూడదు. ఇద్దరు పెద్ద పిల్లలకు మాటలతో చెప్పి, వాళ్ల చేత చేయించి చూపించాలి, లేదా సంచి మీద చూపించాలి. ఏదైనా సరిచేయాలంటే ముందు చెప్పి, మిగతా పిల్లలందరి ముందే. ఒక్క పిల్లను విడిగా పిలిచి ప్రాక్టీసు చేయించడం, వ్యక్తిగతంగా మెసేజ్‌లు పెట్టడం అసలు వద్దు. మెసేజ్‌లు తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలి. బయటి ఊరికి మ్యాచ్‌కి వెళ్తే మేడమ్ తప్పనిసరి.

ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలో, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు దేనికో పిల్లలకు మొదటి వారమే చెప్పండి. ఇవన్నీ మాస్టారికి కూడా రక్షణే.

నిక్కరు వేసుకోవాలా? ఇంట్లో ఒప్పుకోరు.

అక్కర్లేదు. అంతర్జాతీయ నియమాల్లోనే ఆడవాళ్లు షార్ట్స్ కింద పొడుగు టైట్స్ వేసుకోవచ్చని ఉంది. తలకు గుడ్డ కట్టుకునే పిల్లలు కూడా ఆడొచ్చు, పిన్నులు లేకుండా కట్టుకోవాలి. లెగ్గింగ్ మీద షార్ట్, పొడుగు చేతుల టీషర్టు వేసుకుంటే సరిపోతుంది. బట్టల కోసం ఒక్క పిల్ల కూడా ఆగిపోకూడదు.

తీసేయాల్సినవి మాత్రం ఖచ్చితంగా తీసేయాలి: గాజులు, పట్టీలు, చెవి కమ్మలు, ముక్కుపుడక, మెడలో గొలుసు, జడ పిన్నులు, క్లిప్పులు. జడ గట్టిగా అల్లి, రబ్బరు బ్యాండు వేసి మడిచి కట్టాలి. వస్తువులు దాచడానికి పేర్లు రాసిన కవర్లు, తాళం ఉన్న బీరువా ముందే చూసుకోండి. ఒక్క కమ్మ పోతే జట్టు మొత్తం ఆగిపోతుంది. గోళ్లు చిన్నగా కత్తిరించుకోవాలి.

గ్రౌండ్ ఎలా ఉండాలి?

పూర్తి మైదానం సుమారు 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. మీకు అంత అక్కర్లేదు, సగం చాలు. ముఖ్యమైంది నేల. గట్టిపడిన ఎర్రమట్టి మీద, గులకరాళ్ల మీద ట్యాకిల్ వద్దు, టచ్ మాత్రమే. వరి కోసిన పొలం చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ మోళ్లు గుచ్చుకుంటాయి. వానలు పడి నేల మెత్తబడి, గడ్డి లేచిన రోజులే ట్యాకిల్‌కి మంచివి. బావనపాడు, కళింగపట్నం, చింతపల్లి లాంటి తీరాల దగ్గర స్కూళ్లకు మంచి అవకాశం ఉంది. పొడి ఇసుక మీద పడడం నేర్చుకుంటే భయం త్వరగా పోతుంది. అలలకు దూరంగా, ముందు గాజుపెంకులు, గాలాలు ఏరేసి ఆడించండి.

ఏ నేలైనా ప్రాక్టీసుకు ముందు పిల్లలంతా వరసగా నిలబడి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ రాళ్లు ఏరాలి. ఇది రోజూ జరగాలి. తుపాను వెళ్లాక విరిగిన రేకుముక్కలు, మేకులు ఉంటాయి, అప్పుడు రెండుసార్లు ఏరించండి.

ఎంత ఖర్చవుతుంది?

బంతులే ముఖ్యం. నాలుగైదు ఉంటే పాస్‌లు బాగా సాగుతాయి. 14 ఏళ్ల లోపు వాళ్లకు 4వ సైజు, ఆ పైన 5వ సైజు. తర్వాత పళ్లకు తొడుక్కునే మౌత్‌గార్డులు. వేడినీళ్లలో పెట్టి కరిస్తే పంటికి సరిపోయే రకం కొనండి, ఒకరిది ఇంకొకరు వాడకూడదు. ట్యాకిల్ మొదలయ్యేదాకా వాటి అవసరం లేదు. బూట్ల కోసం ఆగకండి. కానీ ఒక నియమం: ట్యాకిల్ రోజున అందరూ బూట్లతో ఆడాలి, లేదా అందరూ వట్టి కాళ్లతో ఆడాలి. జెర్సీలు చివర్న కొనొచ్చు. జెర్సీల మీద ఎవరి ఫొటో వేయాలన్న చర్చలో బంతులు కొనే డబ్బు అయిపోయిన స్కూళ్లున్నాయి.

ఎలాంటి పిల్లల్ని తీసుకోవాలి?

వచ్చిన వాళ్లందర్నీ తీసుకోండి. లావుగా ఉందని పీటీ పీరియడ్‌లో వెనక నిలబడే పిల్లకు, పొట్టిగా ఉండి గాలిలా పరిగెత్తే పిల్లకు, ఇద్దరికీ ఇందులో చోటుంది. బిహార్ అమ్మాయి స్వీటీ కుమారి మొదట పరుగు పందేల పిల్ల. 2019లో స్క్రమ్‌క్వీన్స్ అనే అంతర్జాతీయ వెబ్‌సైట్ ఆమెను ఆ ఏటి మేటి యువ క్రీడాకారిణిగా ఎంచింది. ట్యాకిల్‌కి జతలు వేసేటప్పుడు మాత్రం వయసొకటే చూడకండి, ఒడ్డూపొడుగూ చూడండి. ఆరో తరగతి పిల్లను పదో తరగతి పిల్ల ఎదురుగా నిలబెట్టకూడదు.

నీరసంగా ఉంటున్నారు. నెలసరి రోజుల్లో ఆడొచ్చా?

మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పరిగెత్తలేని పిల్లను బద్ధకం అని తిట్టేముందు ఇది గుర్తుంచుకోండి. ఏఎన్‌ఎంతో మాట్లాడి జట్టులో అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. వారానికొకసారి స్కూల్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర నిజంగా మింగుతున్నారో లేదో చూడండి. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో కాదు. చాలామంది పొద్దున్న ఏమీ తినకుండా బడికి వస్తారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వదిలేయకుండా చూడండి. సాయంత్రం ప్రాక్టీసుకు ముందు చిక్కీయో అరటిపండో ఉంటే చాలు.

నెలసరిలో ఒంట్లో బాగుంటే ఆడొచ్చు. బాగోకపోతే ఆ రోజు మానేయొచ్చు, కారణం అడక్కూడదు. ప్యాడ్లు, నీళ్లు, గడియ పడే బాత్రూమ్ లేకుండా ఆడపిల్లల జట్టు నడవదు.

సాయంత్రం ఆలస్యమైతే ఇంటికి ఎలా వెళ్తారు? చదువు పాడవదా?

వారానికి మూడు రోజులు, గంట చొప్పున చాలు. డిసెంబర్లో ఐదున్నరకే చీకటి పడిపోతుంది, చివరి బస్సు టైమును బట్టి ప్రాక్టీసు ముగించండి. దూరపు ఊళ్ల పిల్లలు ఉంటే ఒకే ఊరి వాళ్లు కలిసి వెళ్లేలా చూడండి. కస్తూర్బాల్లో పొద్దున్నే పెట్టుకోవచ్చు, అందుకే అక్కడ మొదలుపెట్టడం తేలిక. పదో తరగతి పిల్లలకు సంక్రాంతి తర్వాత ట్యాకిల్ ఆపేసి, పరీక్షలయ్యేదాకా ఇష్టమైతే టచ్ ఆడనివ్వండి. చెయ్యి విరిగి మార్చిలో పరీక్ష రాయలేని పరిస్థితి ఏ పిల్లకూ రాకూడదు.

మాకెవరికీ రగ్బీ రాదు. ఎక్కడ నేర్చుకోవాలి?

అంతర్జాతీయ సంఘం వరల్డ్ రగ్బీ వాళ్ల ‘రగ్బీ రెడీ’ కోర్సు ఆన్‌లైన్లో ఉచితం. తలదెబ్బల మీద కూడా విడిగా ఒక ఉచిత కోర్సు ఉంది. రెండూ పూర్తి చేయండి, ఇంగ్లీషు టీచర్ని పక్కన కూర్చోబెట్టుకునైనా సరే. తర్వాత జాతీయ సంఘం రగ్బీ ఇండియాకి, రాష్ట్ర సంఘానికి స్కూలు లెటర్‌హెడ్ మీద రాసి కోచింగ్ క్యాంపు గురించి అడగండి. యూట్యూబ్ వీడియోలు పాస్‌లకు పనికొస్తాయి. ట్యాకిల్ మాత్రం వీడియో చూసి నేర్పకండి, నేర్చుకున్న మనిషి ఒక్కసారైనా వచ్చి చూపించాలి.

మ్యాచ్‌లు ఎవరితో ఆడాలి?

మొదటి ఏడాది మీ పక్క మండలం స్కూల్‌ను కూడా మొదలుపెట్టమనండి. ఒంటరి జట్టు ఎక్కువ కాలం బతకదు. రెండు స్కూళ్లు టచ్ మ్యాచ్‌లతో మొదలుపెట్టి, ట్యాకిల్ రెండు వైపులా ఒకే దశకు వచ్చాకే అసలు మ్యాచ్ ఆడాలి. స్కూల్ గేమ్స్‌లో ఆటలూ వయసు విభాగాలూ ఏటా మారుతుంటాయి కాబట్టి, జూలైలోనే జిల్లా స్కూల్ గేమ్స్ సెక్రటరీని కలిసి ఆ ఏటి జాబితా తీసుకోండి. పుట్టిన తేదీ పత్రాలు అప్పుడే సిద్ధం చేసుకోండి.

స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా?

రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. కానీ అది రాష్ట్రం, దేశం తరఫున ఆడి సర్టిఫికెట్లు తెచ్చుకున్న కొద్దిమందికి పనికొచ్చేది. ఉద్యోగం ఆశ చూపి పిల్లల్ని జట్టులోకి లాగకండి. మగవాళ్లకు 2025లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. దాన్ని నడిపినవాళ్లలో మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ కూడా ఉంది. ఆడవాళ్లకు కూడా అలాంటి లీగ్ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పదో తరగతి అయిపోయిన పిల్లల సంగతేంటి?

ఇంటర్‌లో చేరాక చాలామందికి ఆట ఆగిపోతుంది. దగ్గర్లో కాలేజీకి వెళ్లే వాళ్లను శనివారం సాయంత్రం రమ్మనండి. చిన్న పిల్లలకు ట్యాకిల్ చేసి చూపించడానికి, రిఫరీగా విజిల్ వేయడానికి వాళ్లకంటే మంచివాళ్లు మీకు దొరకరు. ఒక విజిల్ వాళ్ల దగ్గరే ఉంచేయండి.